పెట్టె మీద 600 గజాలు, నాకు కావలసింది 50 మీటర్లు

పర్లాకిమిడి దగ్గర మా జీడితోటలో ఎయిర్ రైఫిల్ ప్రాక్టీసు కోసం ఈ లేజర్ రేంజ్‌ఫైండర్ (లేజర్‌తో దూరం కొలిచేది) కొని కొన్నేళ్లయింది. రైఫిల్ 0.177 అంగుళాల బోరుది, దాని శక్తి 20 జూళ్ల లోపే. కాబట్టి లైసెన్సు గొడవ లేదు. రేంజ్‌ఫైండర్ పేరు చెప్పడం లేదు. ఇదే సరుకు నాలుగైదు పేర్లతో, నాలుగైదు ధరలకు ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, పేరు చెప్పి లాభం లేదు. గోల్ఫ్ ఆడేవాళ్ల కోసం చేసిన రకం అని మాత్రం గుర్తుపెట్టుకోండి.

పెట్టె మీద 600 గజాలు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఆ దూరం మెరిసే సైన్‌బోర్డు లాంటి వాటికే వస్తుంది. చెట్టు మొదలుకో, మట్టిగట్టుకో పెడితే అందులో సగం రావడమే కష్టం, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంకా తక్కువ. నా గురి 50 మీటర్లు దాటదు కాబట్టి ఆ అంకెతో నాకు పనే లేదు. 10 మీటర్ల కాగితం గురి కొట్టేవాళ్లకైతే అసలు ఈ వస్తువే దండగ, అక్కడ దూరం ముందే కొలిచి ఉంటుంది. దూరం చెప్పకుండా ఆరుబయట గురి పెట్టించే ఫీల్డ్ టార్గెట్ పోటీల్లో దీన్ని వాడనివ్వరు. స్కోప్ (రైఫిల్ మీద ఉండే దుర్భిణి) ఫోకస్ తిప్పి దూరం పట్టుకోవాల్సిందే.

మరి తోటలో ఎందుకంటే, పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) చాలా త్వరగా దిగిపోతుంది. 30 మీటర్లకు జీరో చేసిన, అంటే ఆ దూరంలో గురి పెట్టినచోటే తగిలేలా సరిచేసిన నా రైఫిల్లో 45 నుంచి 50 మీటర్లకు వెళ్లేసరికి మూడు సెంటీమీటర్లకు పైగా కిందికి పోతుంది. అగ్గిపెట్టె అంత గురికి అది పూర్తిగా తప్పినట్టే. చెట్ల మధ్య కంటి అంచనా అయిదు మీటర్లు అటూ ఇటూ అవడం మామూలే.

టేపు పరిచి సరిచూశాను. 30 మీటర్ల దగ్గర 29.6 అని ఒకసారి, 30.4 అని ఒకసారి చూపిస్తుంది. దశాంశం చూసి మురిసిపోవద్దు, మాన్యువల్లోనే ఒక మీటరు అటూ ఇటూ అని రాసి ఉంది. నా పనికి అది చాలు.

అసలు చిక్కు కొమ్మలతో. జీడిచెట్టు కొమ్మలు నేలను తాకేలా వాలి ఉంటాయి. వాటి సందులోంచి వెనకాల వేలాడదీసిన రేకు డబ్బాకి పెట్టి బటన్ నొక్కితే 17 అంటుంది, డబ్బా ఉన్నది 43లో. గోల్ఫ్ రకాలు ముందు తగిలినదాన్నే పట్టుకుంటాయి. గోల్ఫ్ గుంటలో పాతిన జెండా కర్రను వదిలేసి వెనక చెట్లను కొలవకూడదు కదా, అందుకని. రైఫిల్ వాళ్లకు కావలసింది దీనికి సరిగ్గా తిరగేసినది: ఆకుల్ని వదిలేసి వెనకున్నదాన్ని పట్టుకునేది. కొనేముందు ఆ రెండు మోడ్‌లూ మార్చుకునే వీలుందో లేదో చూడండి, మిగతాదంతా తర్వాత. నాదాంట్లో ఆ వీలు లేదు. బటన్ నొక్కి పట్టుకుని మెల్లగా అటూ ఇటూ తిప్పుతాను. 17, 17, 16, ఉన్నట్టుండి 43. అదే మన అంకె.

బ్యాటరీ తీసి వేస్తే చాలు, మీటర్లు పోయి గజాలు వస్తాయి. మూలన ఉండే, గజాలకు గుర్తైన చిన్న ‘వై’ అక్షరం చూడకపోతే 50 అని నమ్మి కొడతాం, ఉన్నది 45.7 మీటర్లు. ఈ బుద్ధి తక్కువ పని ఎవరు డిజైన్ చేశారో గాని!

బ్యాటరీ అంటే గుర్తొచ్చింది. దీనికి సీఆర్2 కావాలి. మా ఊళ్లో వాచీల షాపుకెళ్లి అడిగితే, ‘ఇదే కదా బాబూ’ అంటూ బిళ్లలా ఉండే సీఆర్2032 చేతిలో పెడతారు. బరంపురం ఫొటో సామాన్ల షాపులో దొరికింది, లేదంటే ఆన్‌లైనే. ఇప్పుడైతే ఫోన్ చార్జర్‌తో ఎక్కించుకునే రకమే కొంటాను.

వాలు లెక్క వేసే మోడల్‌కి ఎక్కువ డబ్బు అడుగుతారు. 30 డిగ్రీల వాలులో 40 మీటర్లు కనబడితే గురికి లెక్క సుమారు 35 మీటర్లే, నిజమే. కానీ తోటలో ఉండే 10 డిగ్రీల వాలుకి మీటరు కూడా తేడా రాదు. మహేంద్రగిరి వైపు కొండవాలుల్లో ప్రాక్టీసు చేసేవాళ్లకైతే పనికొస్తుంది. ఆ డబ్బేదో వెలిగే ఎర్ర అంకెల డిస్‌ప్లే మీద పెట్టండి. నాదాంట్లో ఉన్న నల్ల అంకెలు సాయంత్రం అయిదున్నర దాటాక చెట్ల నీడలో కలిసిపోతాయి.

వానాకాలంలో లెన్స్‌కి బూజు పట్టకుండా మూత బిగుతుగా ఉన్న డబ్బాలో సిలికా జెల్ వేసి దాస్తున్నాను, ఇంతవరకూ ఏమీ కాలేదు. మంచు పట్టిన పొద్దుల్లో మాత్రం మంచునే కొలిచి ఏదో ఒక అంకె చెబుతుంది.

ఇది చేతిలో చూస్తే ఊళ్లో రెండు అడుగుతారు. అడవిపందుల్ని కొట్టవా అని ఒకటి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, ఈ రైఫిల్ దానికి పనికిరాదు కూడా, అని చెప్పి ఊరుకుంటాను. రెండోది, మా గట్టు కొలిచి పెట్టమని. మీటరు అటూ ఇటూ పోయేదాంతో గట్టు కొలిస్తే అన్నదమ్ములిద్దరూ నా మీదకే వస్తారు, అమీన్‌ని (భూమి కొలిచే సర్వేయరుని) పిలుచుకోండి అంటున్నాను.