గుంటూరు ఎండలో డచ్ తరహా ఇల్లు: కాపురం ఉండి చూశాక

మా ఇల్లు గుంటూరులో అమరావతి రోడ్డు వైపు. తెల్ల గోడలు, చదునైన కప్పు, నేల దాకా అద్దాల కిటికీలు, అక్కడక్కడా ఒక ఎర్ర చట్రం, ఒక పసుపు పట్టీ, చుట్టూ తోట. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు "రంగులు ఎప్పుడు వేయిస్తారు?" అని అడిగారు. ఇన్నేళ్లయినా అడిగేవాళ్లు ఉన్నారు. "వేశారమ్మా, అదే రంగు" అంటుంది మా అత్తయ్య.

ఆర్కిటెక్టు మాకు చూపించిన నమూనా నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో ఉంది. 1924లో డచ్ ఆర్కిటెక్టు గెరిట్ రీట్‌వెల్ట్ కట్టిన ష్రోడర్ ఇల్లు. కట్టించుకున్నావిడ భర్త పోయి, ముగ్గురు పిల్లలతో ఉన్న మనిషి. పై అంతస్తులో గోడల బదులు జరిపే తలుపులు పెట్టించుకున్నారు, పగలు హాలు, రాత్రి గదులు. 1985లో పోయేదాకా ఆవిడ అందులోనే ఉన్నారట. ఆ మాట విన్నాకే మా ఆయన మెత్తబడ్డారు.

జరిపే తలుపుల సంగతి నిజంగానే బాగుంది. వ్రతానికో, సంక్రాంతికో పక్కకు నెట్టేస్తే అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టొచ్చు. పరీక్షలప్పుడు మూస్తే పిల్లలకు గది. శబ్దం మాత్రం ఆగదు, అత్తయ్య సీరియల్ కథంతా పిల్లలకు కంఠతా వచ్చేసింది. కింది ట్రాకుల్లో దుమ్ము చేరితే తలుపు మొరాయిస్తుంది, పాత టూత్‌బ్రష్‌తో తీస్తుండాలి.

అసలు గొడవ అద్దాలతో. ఉట్రెక్ట్ 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, గుంటూరు 16 మీద. అక్కడ ఎండ కోసం కిటికీ పెద్దది చేస్తారు. ఇక్కడ మే నెలలో సాయంత్రం నాలుగింటికి పడమటి అద్దం పక్కన సోఫా మీద కూర్చోలేం. లోపల కర్టెన్లు వేస్తే వెలుతురు తగ్గిందే కానీ వేడి తగ్గలేదు, అద్దం దాటి వచ్చేసిన వేడి ఇంట్లోనే ఉంటుంది మరి. బయటి నుంచి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లాకే ఏసీకి ఊపిరి ఆడింది. తర్వాత పడమర, దక్షిణం వైపు సన్‌షేడ్లు వేయించాం. గీతల అందం పోయిందని ఆర్కిటెక్టు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి, ఉండేది మేము. చూరు లేని గోడల మీద అక్టోబరు, నవంబరు తుపాను వానలకు నల్ల చారలు కూడా పడేవి. సన్‌షేడ్లు వచ్చిన వైపు అవీ తగ్గాయి.

తోటకు మాత్రం పూర్తి మార్కులు. మాది నల్లరేగడి, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత బీటలిస్తుంది. అందుకే పునాదికి అండర్ రీమ్డ్ పైల్స్, అంటే లోతుగా దించి అడుగున వెడల్పు చేసిన కాంక్రీటు స్తంభాలు, వేశారు. పెద్ద చెట్లు గోడకు దగ్గరగా ఉంటే నేలలో తేమ లాగేసి పగుళ్లు తెస్తాయని వేప, కానుగ పడమటి ప్రహరీ దగ్గరే నాటించారు. అవి ఎదిగాక మూడు దాటేసరికి నీడ కిటికీల దాకా వస్తోంది. ఇంటి ముందు మల్లె, సన్నజాజి, వంటింటి వెనక కరివేపాకు, మునగ. చలికాలంలో మల్లెను కత్తిరిస్తే వేసవిలో ఇంటికి సరిపోగా పక్కింటికీ పూలు. దోమలు తప్పవు. అద్దం తలుపులన్నిటికీ మెష్ తలుపు ముందే పెట్టించుకోండి. వానాకాలంలో పాముల టెన్షన్ కూడా ఉంటుంది కాబట్టి గడ్డి పెరగనివ్వం.

సామాన్లు కనబడకూడదన్న పద్ధతి మా వంటింటికి పొసగలేదు. అటక లేదు. ఆవకాయ జాడీలు, ఏడాదికి సరిపడా ఎండుమిర్చి, పండగ గిన్నెలు ఎక్కడ పెట్టాలి? మెట్ల కింద మొత్తం అలమరాలు చేయించినా చాలక వెనకాల చిన్న షెడ్డు వేశాం. ఇల్లు చూడటానికి ఎవరైనా వస్తే ఆర్కిటెక్టు అటు తీసుకెళ్లరు. అత్తయ్య మాత్రం ముందు అదే చూపిస్తుంది.