రెండేళ్ల ఇంజన్‌తో తొమ్మిదేళ్లు

ఉత్తర ఇంగ్లండ్‌లో వాలంటీర్లు నడిపే ఒక చిన్న పాతకాలపు రైలు మార్గంలో, తొమ్మిదేళ్లుగా నెలకి రెండు ఆదివారాలు ఆవిరి ఇంజన్‌కి బొగ్గు వేసే ఫైర్‌మ్యాన్‌గా పార పడుతున్నాను. ఎక్కువగా ఒకే ఇంజన్ మీద. పేరు హన్‌స్లెట్ ఆస్టెరిటీ. ఆరు చక్రాలు, వెనక చిన్న బొగ్గు గూడు, బాయిలర్ మీద జీను వేసినట్టు కూర్చున్న నీళ్ల ట్యాంకు. కాజీపేట లోకో షెడ్‌లో పెద్ద ఇంజన్లతో వేగి రిటైరైన మా నాన్నకి మొదటిసారి ఫొటో పంపితే, "ఇంజన్ ఏదిరా, నీళ్ల పీపా పంపావు" అన్నారు.

అందం కోసం పుట్టింది కాదు మరి. 1942లో యుద్ధం పనికి షంటింగ్ ఇంజన్లు (యార్డుల్లో వ్యాగన్లు అటూ ఇటూ జరిపేవి) కావాల్సి వచ్చినప్పుడు, ఎల్ఎంఎస్ రైల్వే వాళ్ల 'జింటీ' ఇంజన్నే మరిన్ని చేయిద్దామని బ్రిటిష్ ప్రభుత్వం ముందు అనుకుంది. లీడ్స్‌లోని హన్‌స్లెట్ కంపెనీ, మా పాత డిజైన్‌నే ఇంకా సులువు చేస్తే త్వరగా తయారవుతుందని ఒప్పించింది. ఉక్కు పోతపనికి కరువుగా ఉన్న రోజులు కాబట్టి వీలైన చోటల్లా పోత ఇనుముతో సరిపెట్టారు. చదును నేల మీద వెయ్యి టన్నుల బండిని లాగాలి, పెద్దగా మరమ్మతుల్లేకుండా రెండేళ్లు గొడ్డు చాకిరీ చేయాలి. అడిగింది అంతే. 1943లో మొదటిది బయటికొచ్చింది. ఆరు కంపెనీలు కలిసి 1964 దాకా 485 చేశాయి.

ఇక నా అనుభవం. దీనికి ఆవిరి కరువు లేదు. కొత్తగా పార పట్టినవాడు మంట సరిగ్గా పేర్చకపోయినా ఆవిరి పీడనం ముల్లు చదరపు అంగుళానికి 170 పౌండ్ల దగ్గర్లోనే ఊగుతుంది. నేను నేర్చుకున్నది దీని మీదే, నా తప్పులన్నీ ఇదే కాసింది. ఆరు చక్రాలూ నడిపే చక్రాలే కాబట్టి 48 టన్నుల బరువూ పట్టుకే పోతుంది. ట్యాంకు నిండా నీళ్లుంటే మొండిగా లాగుతుంది. 1,200 గ్యాలన్లంటే ఐదు టన్నుల పైచిలుకు. సాయంత్రానికి అవి ఖాళీ అయ్యేసరికి, వాన పడిన పట్టాల మీద చక్రాలు గిర్రున తిరిగిపోతాయి. అప్పుడు డ్రైవర్ నా వైపు చూస్తాడు, నీళ్లు నేనే తాగినట్టు.

ఆ ట్యాంకుతో ఇంకో చిక్కుంది. బాయిలర్ వేడికి పైన నీళ్లు కాగుతాయి. ఎండాకాలం, స్టేషన్లో ఎక్కువసేపు నిలబడితే నీళ్లు బాగా వేడెక్కి, వాటిని బాయిలర్లోకి తోసే ఇంజెక్టర్ మొరాయిస్తుంది. నీళ్లు బాయిలర్లోకి వెళ్లకుండా కింద పట్టాల మీదికి కారిపోతాయి. బాయిలర్లో నీళ్లెంత ఉన్నాయో చూపే గేజు గ్లాసులో మట్టం దిగుతుంటే చల్లటి చెమట అంటే ఏమిటో నాకు తెలిసింది ఇక్కడే.

నిజంగా విసుగెత్తించేది నూనె వేయడం. సిలిండర్లు, వాల్వులు కదిపే కడ్డీలు అన్నీ చక్రాల మధ్య, లోపలే. పొద్దున్నే పట్టాల మధ్య గుంతలోకి దిగి, నూనె డబ్బాతో ఆ ఇనుప అడవిలోకి తల దూర్చాలి. ఆ చొక్కా ఇక గుడ్డపేలికకే పనికొస్తుంది. బయటికి సిలిండర్లున్న ఇంజన్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు.

ప్రయాణం సుఖం అడక్కండి. మొదటి చక్రం నుంచి చివరి చక్రానికి 11 అడుగులే. ముందూ వెనకా బరువు వేలాడుతుంటుంది. మా లైన్లో గరిష్ఠ వేగం 25 మైళ్లు, అక్కడికి చేరేసరికి ఎడ్లబండి మీద కంకర్రోడ్డు. గంటకి ఐదారు మైళ్లతో వ్యాగన్లు నెట్టాల్సినదాన్ని మనం ప్యాసింజర్ బండికి కట్టి, తర్వాత కుదుపుల గురించి గొణగడం దాని తప్పు కాదులెండి.

దీని సత్తా చూడాలంటే కొండ కావాలి. యుద్ధం అయ్యాక ఎల్ఎన్ఈఆర్ రైల్వే 75 కొని జె94 అని పేరు పెట్టింది. వాటిలో కొన్ని డెర్బీషైర్‌లోని హాప్టన్ ఎక్కుడులో పనిచేశాయి. అక్కడ 14 అడుగులకి ఒక అడుగు ఎత్తు. తాడూ లేదు, పళ్ల పట్టా లేదు. అడుగు నుంచే పరుగందుకుని, ఆవిరి వదిలే రెగ్యులేటర్ పూర్తిగా తెరిచి, పైకి ఎక్కేవారు. 1967 దాకా అలాగే నడిచింది. మిగతావి ఎక్కువగా బొగ్గు గనులకి పోయాయి, 27 నెదర్లాండ్స్ రైల్వేకి. బొగ్గు గనుల్లో కొన్ని 1980ల దాకా పనిచేశాయి. రెండేళ్ల సరుకు అనుకున్నది!

మా దాని పదేళ్ల బాయిలర్ గడువు వచ్చే చలికాలం ముగుస్తుంది. ట్యాంకు దించి, ట్యూబులన్నీ పీకి చూడాలి. మసి గీకే పని నాదేనని ఇప్పటికే కాగితం మీద రాసి గోడకి అంటించారు.