విశాఖ ఉక్కపోతలో రెండేళ్లు: 300 జీఎస్‌ఎం కాటన్ కాగితం మీద చంద్రతాల్

నీటిరంగుల బొమ్మలకు వాడే నూరు శాతం కాటన్ కాగితం ఇది. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు (జీఎస్‌ఎం అంటే అదే), రంగు గబుక్కున ఇంకిపోకుండా జెలటిన్ సైజింగ్ అనే పూత, కాస్త గరుకుగా ఉండే కోల్డ్ ప్రెస్ రకం. 56×76 సెంటీమీటర్ల షీటును నాలుగు ముక్కలు చేసి, చంద్రతాల్ సరస్సును జ్ఞాపకం నుంచి వేయడానికే రెండేళ్లుగా వాడుతున్నాను. హిమాచల్ ప్రదేశ్‌లోని లాహౌల్-స్పితిలో సుమారు 4,250 మీటర్ల ఎత్తున ఉన్న నెలవంక సరస్సు అది. ముందే చెప్పేస్తాను: బొమ్మలో సరస్సు నీళ్లు వేయడానికి ఇంతకంటే మంచి కాగితం నాకు దొరకలేదు. మన ఊళ్లో దాచడానికి ఇంత పేచీ పెట్టేది కూడా లేదు.

ఎదురుగా దృశ్యం లేనప్పుడు, తర్వాతి గీత గుర్తు తెచ్చుకోవడానికి వ్యవధి కావాలి. కలపగుజ్జు కాగితం మీద తడి పైపైనే నిలిచి, గబుక్కున ఆరి చారలు కడుతుంది. కాటన్ నీటిని లోపలికి తీసుకుని నిదానంగా వదులుతుంది. ముక్కను అట్టకు నాలుగు వైపులా టేపుతో బిగించి, వెడల్పాటి చదును కుంచెతో రెండుసార్లు తడపండి. మధ్యలో రెండు నిమిషాలు ఆగండి. పక్కనుంచి చూస్తే తళతళ పోయి పట్టుబట్ట మెరుపు మిగలాలి. రంగు అప్పుడు దించాలి, అదీ కాస్త చిక్కగా, ఎందుకంటే ఆరాక ఒక మెట్టు తేలిపోతుంది.

ఇక్కడి తేమలో వచ్చే చిక్కు ఆరడంలోనే. ఆషాఢ శ్రావణాల్లో పైన ఆరినట్టు కనిపించే కాగితం లోపల తడిగానే ఉంటుంది. దాని మీద రెండో వాష్ (పలచటి రంగు పూత) వేస్తే కాలీఫ్లవర్ పువ్వులా మరక విచ్చుకుంటుంది. వేళ్ల వెనకవైపు ఆనించి చూడండి, చల్లగా తగిలితే ఇంకా ఆరలేదు. హెయిర్ డ్రయ్యర్ వాడితే మెరుపు పూర్తిగా పోయాకే, ఒక అడుగు దూరం నుంచి. రంగు అంటకుండా ముందే పూసే రబ్బరు ద్రవం, మాస్కింగ్ ఫ్లూయిడ్, కాగితం మీద ఉంటే డ్రయ్యర్ అసలు వాడొద్దు. వేడికి అది కాగితానికి అతుక్కుని, తీసేటప్పుడు పొరతో సహా లేస్తుంది.

రంగుల విషయం. కోబాల్ట్ బ్లూ ఈ కాగితం మీద తడి కుంచెతో రుద్ది టిష్యూతో అద్దితే చక్కగా లేస్తుంది, గాలికి నీటి మీద పడే తెల్లటి గీతలు అలాగే తీయొచ్చు. థాలో బ్లూ, థాలో గ్రీన్ పట్టుకుంటే వదలవు. పచ్చనీలం కోసం వాటిని చివర్లో, బాగా పలచగా, ఒక్క పూత చాలు.

జ్ఞాపకం చేసే మోసం ఒకటుంది. రోజూ ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్‌ను ఉప్పుగాలి మసకలో చూసే కళ్లు, చంద్రతాల్ వెనక కొండలకూ అదే మసక పూసేస్తాయి. అక్కడ గాలి పలచన, పొడి. దూరపు కొండల అంచులు కూడా కోసినట్టు ఉంటాయి, ఆకాశం నడినెత్తికి వెళ్లేకొద్దీ ముదురుతుంది. అందుకే కొండలు పొడి కాగితం మీద, నీళ్లు తడి కాగితం మీద వేయాలి. ప్రతిబింబాన్ని కొండ తలకిందులు చేసి దించేయడం కూడా తప్పే. దగ్గరి గుట్ట వెనక ఉన్న మంచు శిఖరం నీళ్లలో ఇంకా తక్కువగా కనిపిస్తుంది, ఒక్కోసారి పూర్తిగా దాక్కుంటుంది. తెల్లటి మంచు నీళ్లలో కొంచెం ముదురుగా, నల్లటి రాయి కొంచెం తేలికగా పడుతుంది.

ఇక దాచడం. దాచినచోట తేమ తగులుతూ ఉంటే సైజింగ్ చచ్చిపోతుంది, బూజు పట్టినా అంతే. కంటికి ఏమీ తెలియదు. వాష్ వేయగానే ఆకాశంలో ముదురు చుక్కలు తేలతాయి, అక్కడ రంగు అద్దుడు కాగితంలోకి ఇంకినట్టు ఇంకిపోతుంది. దాన్ని మళ్లీ మునుపటిలా చేయడం కష్టం. గాలి దూరని జిప్ కవర్లో సిలికా జెల్ పొట్లాలతో, గోడకు ఆనకుండా, బీరువాలో చదునుగా పడుకోబెట్టండి. ఒకేసారి పది షీట్లు కొనకండి, మూడు నెలలకు సరిపడా చాలు. మొదలుపెట్టే ముందు మూల మీద ఒక నీటి గీత గీయండి. గీత పైన నిలబడకుండా మచ్చలు మచ్చలుగా నల్లబడితే ఆ షీటు గ్వాష్‌కి (కింది పొర కనిపించని చిక్కటి నీటిరంగు), రంగుల నమూనాలకి వాడుకోండి, సరస్సు మాత్రం దాని మీద వేయకండి.