హన్మకొండలో ‘అటాచ్‌మెంట్ థెరపీ’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

భార్యాభర్తల గొడవలకో, ఎంత ప్రయత్నించినా కుదరని ప్రేమలకో ‘అటాచ్‌మెంట్’ (అంటే మనుషుల మధ్య బంధం ఏర్పడే తీరును బట్టి నడిచే) పద్ధతిలో కౌన్సెలింగ్ చేసేవాళ్ల కోసం వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో వెతుకుతున్నవాళ్లకు ఈ పోస్టు. ముఖ్యంగా రీల్స్ చూసి ‘నేను యాంక్షస్ (దూరమవుతారేమోనని కంగారుపడి వెంటపడే రకం), ఆయన అవాయిడెంట్ (దగ్గరితనం నుంచి తప్పుకునే రకం)’ అని తేల్చేసుకుని, ఇక రోగం దొరికింది, మందు దొరకడమే ఆలస్యం అనుకుంటున్నవాళ్లకు. హన్మకొండలో ఒక సెంటర్‌కు మేం పదిహేను వేలు ముందే కట్టి, మధ్యలో బయటికి వచ్చేశాం. ఆ సెంటర్ పేరు రాయడం లేదు. పేరు కన్నా వాళ్లు పనిచేసే తీరు తెలిస్తేనే మీకు ఉపయోగం. ఇదే తీరు రేపు ఇంకో బోర్డు కింద కూడా కనిపించవచ్చు.

మా సమస్య పెద్ద వింతేమీ కాదు. మా ఆయన ఉద్యోగం గోదావరిఖనిలో. శనివారం రాత్రికి ఇంటికి వస్తారు, సోమవారం పొద్దున్నే రైలు. ఉన్న ఆ కాస్త టైములో మాట్లాడాలని నేను పట్టుబడతాను. ఆయన ఫోన్‌లోకో నిద్రలోకో జారుకుంటారు. నా గొంతు పెరుగుతుంది, ఆయన ఇంకా ముడుచుకుంటారు. కొట్టడాలు, తాగడాలు ఏమీ లేవు. మా అమ్మ అయితే ‘పెద్దమనుషుల్ల కూసోబెడితే అయిపాయె గద బిడ్డా’ అంది. పెద్దమనుషుల ముందు తప్పెవరిదో తేలుతుందేమో గానీ, ప్రతి ఆదివారం ఇదే గొడవ ఎందుకు తిరిగి వస్తోందో తేలదు. మా అత్తయ్యకు సైకాలజిస్టు అన్న మాట వింటేనే ఎర్రగడ్డ గుర్తొస్తుంది, అందుకని ఆమెకు చెప్పకుండానే వెళ్లాం.

ముందుగా ఒక మాట. ఈ పద్ధతి బూటకం కాదు. తల్లితోనో, పెంచినవాళ్లతోనో పసిపిల్లలకు ఏర్పడే బంధం గురించి బ్రిటిష్ సైకియాట్రిస్ట్ జాన్ బౌల్బీ రాసినదాని నుంచి ఇది మొదలైంది. మేరీ ఐన్స్‌వర్త్ పిల్లల్ని, తల్లుల్ని దగ్గరుండి గమనించి ఆ బంధాల్లో రకాలున్నాయని చూపించింది. పెద్దవాళ్ల ప్రేమల్లోనూ ఇలాంటి తీరులే కనిపిస్తాయని 1987లో హేజన్, షేవర్ అనే ఇద్దరు పరిశోధకులు రాశారు. ఇప్పుడు మనం రీల్స్‌లో చూసేదంతా ఆ దారిలో వచ్చిందే. అయితే యాంక్షస్, అవాయిడెంట్ అనేవి రోగాల పేర్లు కావు. ఒకే మనిషి భార్య దగ్గర ఒకలా, స్నేహితుడి దగ్గర ఇంకోలా ఉండొచ్చు, ఏళ్లు గడిచేకొద్దీ మారొచ్చు కూడా. రిసెప్షన్‌లో ఇరవై ప్రశ్నల కాగితం నింపించి, దాని మీద ఎర్ర పెన్నుతో ‘సివియర్ అవాయిడెంట్’ అని రాసిచ్చేవాళ్లను చూస్తే వెనక్కి తిరిగి వచ్చేయండి. మా ఆయనకు ఆ ముద్ర ఆయన లేకుండానే పడింది. ఆయన తరఫున జవాబులు నన్నే రాయమన్నారు!

ఫీజు సంగతి ఇలా ఉంది. ఒక్కో సెషన్‌కు అయితే రెండు వేలు, పన్నెండు సెషన్ల ప్యాకేజీ తీసుకుంటే పదిహేను వేలు, ‘ఈ వారం వరకే’. చీరల షాపులో ఆషాఢం ఆఫర్‌లా. ఫోన్‌పేలో డబ్బు వేశాక వాట్సాప్‌లో ‘థాంక్యూ’ వచ్చింది గానీ బిల్లు రాలేదు. మనిషిని ఒకసారి కూడా చూడకముందే మీకు పన్నెండు సెషన్లు కావాలని ఎవరైనా ఎలా చెప్పగలరు? పద్ధతిగా చేసేవాళ్లు మొదటి ఒకటి రెండు సార్లు మన కథ విని, తమ పద్ధతి మనకు సరిపోతుందా లేదా అని చూస్తారు. అప్పటిదాకా ఏ సెషన్ ఫీజు ఆ సెషన్‌కే.

మేం అక్కడికి వెళ్లడానికి పెద్ద కారణం బోర్డు మీద ఉన్న ‘ఈ.ఎఫ్.టి.’ అన్న మూడక్షరాలు. ఇక్కడ చాలామంది పడతారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. జంటల కోసం అటాచ్‌మెంట్ ఆధారంగా నడిచే ఒక చికిత్స ఉంది, ఎమోషనల్లీ ఫోకస్డ్ థెరపీ. 1980ల్లో స్యూ జాన్సన్, లెస్ గ్రీన్‌బర్గ్ దాన్ని తయారుచేశారు. ఒకరు వెంటపడటం, ఇంకొకరు తప్పుకోవడం అనే చక్రాన్ని జంటకు చూపించి, ఆ కోపం కింద ఉన్న భయాన్ని ఒకరికొకరు చెప్పుకునేలా చేయడం దాని పని. అచ్చంగా మాకు కావాల్సింది అదే. అవే మూడక్షరాలతో ఇంకోటి ఉంది, ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్. నుదుటి మీద, కళ్ల పక్కన, కాలర్ బోన్ దగ్గర వేళ్లతో తట్టుకుంటూ మంచి మాటలు అనుకోవడం. దానికీ అటాచ్‌మెంట్‌కూ సంబంధమే లేదు. మా రెండో సెషనంతా ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నుదురు తట్టుకోవడంతోనే గడిచింది. పెళ్లయిన ఇన్నేళ్లలో మేమిద్దరం కలిసి అంతగా నవ్వుకున్నది అప్పుడేనేమో, ఆ మేరకు లాభమే అనుకోండి. మీరు మాత్రం ఫోన్‌లోనే అడగండి: ఈ.ఎఫ్.టి. అంటే పూర్తి పేరేంటి, ఎక్కడ నేర్చుకున్నారు, మీ పనిని పర్యవేక్షించేది ఎవరు? జంటల ఈ.ఎఫ్.టి.లో సర్టిఫికెట్ ఉన్నవాళ్ల పేర్లు ‘ఐసీఈఈఎఫ్‌టీ’ అనే అంతర్జాతీయ సంస్థ వెబ్‌సైట్‌లో దొరుకుతాయి.

ఆ తర్వాత మొదలైంది అసలు తలనొప్పి. సెషన్ రోజు పొద్దున ‘సార్‌కు అర్జెంట్ పని పడింది’ అని మెసేజ్. ఇంకోసారి వెళ్తే కొత్తమ్మాయి కూర్చుని ఉంది, మా ఫైలు కూడా చూడలేదు, కథంతా మొదటి నుంచి చెప్పమంది. పన్ను పీకించుకోవడానికి వెళ్లినచోట డాక్టర్ మారితే సర్దుకుంటాం. ఈ పద్ధతిలో మాత్రం ఎదుటి మనిషి నిలకడే సగం వైద్యం. చెప్పిన టైముకు ఉండటం, మనం చెప్పింది గుర్తుంచుకోవడం, తన వల్ల పొరపాటైతే ఒప్పుకుని సరిచేయడం. థెరపిస్టు దగ్గర ముందు భయం తగ్గాలి, అప్పుడే మనిషి తన లోపలి సంగతులు తడిమి చూసుకోగలుగుతాడని బౌల్బీ చెప్పింది కూడా అదే.

మా ఆయన మర్యాదగానే అడిగారు, మిగిలిన సెషన్ల డబ్బు వెనక్కిస్తారా అని. దానికి సార్ నవ్వి, ‘చూశారా, కాస్త దగ్గరితనం వచ్చేసరికి పారిపోవాలనిపిస్తుంది, ఇదే మీ అవాయిడెంట్ ప్యాటర్న్’ అన్నారు. పోనీ కట్టినదానికి బిల్లు ఇవ్వండి అని నేను అడిగాను. ‘ఇప్పుడు మాట్లాడేది మీలోని యాంక్షస్ పార్ట్ అమ్మా, ఎవర్నీ నమ్మలేకపోవడం మీ చిన్ననాటి గాయం’ అన్నారు. అంటే వదిలిపెట్టి పోతే ఆయనకు జబ్బు, ఉండి ప్రశ్నిస్తే నాకు జబ్బు.

నేనీ పోస్టు రాయడానికి కారణం ఇదే. డబ్బు పోవడం ఒక ఎత్తు. అప్పటికే ‘నాలోనే ఏదో లోపముంది’ అనుకుంటూ వచ్చిన మనిషికి, అడగాల్సిన ప్రశ్న అడగడం కూడా లోపమేనని చెప్పడం ఇంకో ఎత్తు. నాకైతే ఒళ్లు మండింది గానీ, అక్కడ హాల్లో కూర్చున్న ఒకమ్మాయి ఆ మాటలు విని తన బిల్లు సంగతి అడగకుండానే లోపలికి వెళ్లిపోయింది. మనం మానేస్తామంటే నిజమైన థెరపిస్టు కూడా ఎందుకని అడుగుతారు, దాని గురించి ఒకసారి మాట్లాడుకుందాం అంటారు. అది వాళ్ల పని. కానీ ఫీజు గురించి అడిగితే ఫీజు గురించే జవాబు చెప్తారు.

ఇంకొకటి. మా నాన్న గురించి నేనొక్కదాన్నే ఉన్న సెషన్‌లో చెప్పిన మాట, తర్వాత ఇద్దరం ఉన్న సెషన్‌లో టక్కున బయటపెట్టారు. జంటలతో పనిచేసేవాళ్లు విడిగా విన్నవాటిని ఏం చేస్తారో మొదటి రోజే చెప్పాలి. మానసిక అనారోగ్యం ఉన్నవాళ్ల వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉంది. మామూలు కాపురం గొడవతో వెళ్లినవాళ్లకు ఆ మర్యాద దక్కదా? పైగా ‘మా బంధం బాగుపడింది’ అని వీడియో ఇస్తే రెండు సెషన్లు ఫ్రీ అన్నారు. వీళ్ల దగ్గర పిల్లలకూ ప్యాకేజీ ఉంది. పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. అటాచ్‌మెంట్ థెరపీ పేరుతోనే పిల్లల్ని బలవంతంగా అదిమి పట్టుకునే పద్ధతులు అమెరికాలో నడిచాయి. 2000లో కొలరాడోలో అలాంటి ఒక సెషన్‌లో పదేళ్ల పాప ఊపిరాడక చనిపోయింది. ఎవరైనా మీ పిల్లల్ని దుప్పట్లో చుట్టి పట్టుకుంటామంటే ఆ క్షణమే తీసుకుని వచ్చేయండి.

ఇక ఎవర్ని నమ్మాలి అంటే, మన దేశంలో ‘అటాచ్‌మెంట్ థెరపిస్ట్’ అని విడిగా లైసెన్సు ఏదీ లేదు. ఆ బోర్డు ఎవరైనా రాయించుకోవచ్చు. క్లినికల్ సైకాలజిస్టు అని చెప్పుకోవాలంటే మాత్రం 1992 చట్టం ప్రకారం రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి. సీఆర్ఆర్ నంబర్ (ఆ కౌన్సిల్ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) అడగండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతికి చూసుకోండి. సైకియాట్రిస్టు అయితే మెడికల్ కౌన్సిల్ నంబర్ ఉంటుంది. ఎం.ఏ. సైకాలజీ చదివి బాగా కౌన్సెలింగ్ చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లను తీసిపారేయడం లేదు. కానీ మా సార్ పేరు ముందు ‘డాక్టర్’ ఉంది, ఏ డాక్టరో అడిగితే టాపిక్ మారింది. నంబర్ అడిగితే చిరాకు పడేవాళ్లతో పని లేదు.

తక్కువ ఖర్చు అంటే, ముందు ఉచితంగా దొరికేవి చూడండి. టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఏ టైములోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ సర్వీసు అది. వారం వారం నడిచే థెరపీకి అది బదులు కాదు గానీ, మనకు కావాల్సింది ఏంటో తేల్చుకోవడానికి బాగా పనికొస్తుంది. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం లాంటివి ఉంటే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. రద్దీలో గంటసేపు కూర్చోబెట్టి మాట్లాడతారని ఆశపడొద్దు, డిప్రెషన్ ఉందో లేదో మాత్రం తేలుతుంది. ఇప్పటికే మాత్రలు వాడుతుంటే, రాసిచ్చిన డాక్టర్ చెప్పకుండా ఏ కౌన్సెలర్ మాట మీదా ఆపొద్దు. ఇంట్లో కొట్టడం, బెదిరించడం ఉంటే జంటగా కౌన్సెలింగ్‌కు వెళ్లడం సరైన దారి కాదు, ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, హింసకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి సెంటర్ ఉంది.

మేం ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండే ఒక క్లినికల్ సైకాలజిస్టుతో ఆదివారాలు వీడియోలో మాట్లాడుతున్నాం, రెండు వారాలకోసారి. ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారా అని సిగ్గుపడకుండా అడిగాం, తగ్గించారు. చాలామంది దగ్గర కొన్ని స్లాట్లు అలా ఉంటాయి, అడిగినవాళ్లకే చెప్తారు. ఆన్‌లైన్ అయితే ఊళ్లో ఎవరైనా చూస్తారన్న టెన్షన్ కూడా లేదు.

డబ్బు ఇరుక్కున్నవాళ్లకు: రసీదు మీద ‘నాన్ రిఫండబుల్’ అని ఉన్నంత మాత్రాన కథ అయిపోలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతే. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ఫోన్‌పే స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు, ఆఫర్ పోస్టర్ ఫొటో డిలీట్ చేయకుండా ఉంచుకోండి. మా విషయంలో 1915లో ఫిర్యాదు వెళ్లాక సెంటర్ నుంచి వాళ్లే ఫోన్ చేశారు, జరగని సెషన్ల డబ్బులో సగం వేశారు. మిగతా సగం వీడియో ఇస్తే వేస్తామన్నారు. ఆ మాట కూడా వాట్సాప్‌లోనే రాశారు కాబట్టి, దాన్ని ప్రింట్ తీసి కమిషన్‌కు ఇచ్చే కాగితాల్లో పెట్టాం.