కుళాయి ఏరేటర్: ఇంట్లో మొదటి మార్పుగా దీన్నే పెట్టండి

ఇంటిని పర్యావరణానికి మేలు చేసేలా మార్చాలంటే అన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి, నాలుగు రోజులకే అందరికీ విసుగొస్తుంది. ఎవరి అలవాటూ మారక్కర్లేని దానితో మొదలుపెడితే గొడవే ఉండదు, అందుకే మేం ముందు వంటింటి కుళాయికి ఏరేటర్ బిగించాం.

కుళాయి మూతికి తిప్పి బిగించే చిన్న జాలీ ముక్క ఇది. నీళ్లలో గాలి కలుపుతుంది కాబట్టి ధార మెత్తగా, తెల్లగా వస్తుంది, చిందడం కూడా బాగా తగ్గింది. మామూలు కుళాయి పూర్తిగా తిప్పితే నిమిషానికి 10 లీటర్ల పైనే పోవచ్చు, మేం తీసుకున్నది 6 లీటర్ల రకం. గిన్నెలు కడిగేటప్పుడు తేడా తెలియదు. పెద్ద గిన్నె నింపాలంటే మాత్రం ఆలస్యమే, మా అత్తయ్యకి అది నచ్చలేదు, ఆవిడ అన్నది నిజమే. బకెట్లు నింపే కుళాయికి దీన్ని పెట్టకండి, అక్కడ ఎలాగూ బకెట్ నిండా నీళ్లు కావాల్సిందే కదా, ఆదా ఏమీ ఉండదు.

కొనేముందు మర చూసుకోండి. కుళాయికి మర లోపల ఉంటే సాధారణంగా 24 మి.మీ., బయట ఉంటే 22 మి.మీ. సరిపోతుంది. వాషర్ సరిగ్గా కూర్చోకపోతే పక్కనుంచి కారుతుంది. ఉప్పునీళ్లయితే జాలీకి తెల్లటి పొర పట్టి ధార వంకర పోతుంది, అప్పుడు విప్పి కాసేపు వెనిగర్‌లో నానబెట్టి పాత బ్రష్‌తో రుద్దితే చాలు, మా అబ్బాయి ఆ పని ఎంతో ఇష్టంగా చేస్తాడు.

వేడినీళ్లొచ్చే కుళాయికి పెడితే నీళ్లతోపాటు గీజర్ కరెంటూ మిగులుతుంది. మేం ఇక వాష్‌బేసిన్‌కి కూడా పెడుతున్నాం.