టీ ఫ్రాంచైజీయా, రన్నింగ్ షాపా, సొంత బోర్డా: హనుమకొండలో 15 లక్షలకు ఏది మేలు?

మా చిన్నమ్మ కొడుకు భూపాలపల్లి నుంచి వచ్చాడు. చేతిలో రంగుల బ్రోచర్. వాళ్ల నాన్న సింగరేణిలో రిటైర్ అయ్యారు. వచ్చిన డబ్బులో 15 లక్షలు పెట్టి హనుమకొండలో టీ ఫ్రాంచైజీ తీసుకుందామని వాడి ఆలోచన. "అన్నా, మొత్తం వాళ్లే చూస్కుంటరట. మనం గల్లా కాడ కూసుంటే చాలట" అన్నాడు. నవ్వు ఆపుకున్నాను. నయీంనగర్‌లో అలాంటి గల్లా దగ్గరే నేనూ మూడేళ్లు ఉన్నాను. కూర్చోవడానికి ఆ కంపెనీ డిజైన్‌లో కుర్చీయే లేదు.

ఇప్పుడు కిషన్‌పురలో నా సొంత పేరుతో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. రెండిట్లోనూ చేతులు కాల్చుకున్నాను, రెండిట్లోనూ నాలుగు రూపాయలు చూశాను. తమ్ముడికి రెండు రాత్రులు కూర్చోబెట్టి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మనది వ్యవసాయం తెలిసిన ఊరు కాబట్టి ఫ్రాంచైజీని కౌలుతో పోల్చి చెబితే తొందరగా అర్థమవుతుంది. భూమి వాళ్లది, చాకిరీ మనది. మామూలు కౌలులో కనీసం ఎరువు మనకు నచ్చిన దుకాణంలో కొనుక్కోవచ్చు. ఇక్కడ విత్తనం, ఎరువు, మందు అన్నీ ఆసామి దగ్గరే, ఆసామి చెప్పిన రేటుకే కొనాలి. పంట పండినా ఎండినా ఆయన వాటా ఆయనకు వెళ్లిపోతుంది. ఎందుకంటే కంపెనీ పేరు వాడుకున్నందుకు కట్టే రాయల్టీని లాభం మీద లెక్కకట్టరు, అమ్మకం మీద కడతారు. గల్లాలో పడ్డ ప్రతి వందలో ముందు వాళ్ల వాటా తీస్తారు. మనకు దక్కేది అందరికీ పంచాక అడుగున మిగిలింది.

లెక్క వేసి చూద్దాం. అంకెలు నా అనుభవంలోంచి తీసి గుండ్రం చేసినవి, మీ బ్రోచర్‌లోవి వేరుగా ఉండొచ్చు. రోజుకు పది వేల చొప్పున నెలకు 3 లక్షల అమ్మకం అనుకుందాం, జీఎస్టీ కాకుండా. కంపెనీ పంపే పొడి, సిరప్‌లు, కప్పులు, మనం కొనే పాలు కలిపి 40 శాతం, అంటే 1,20,000. షట్టర్ కిరాయి 30,000. మాస్టర్‌కు 18,000, ముగ్గురు పని కుర్రాళ్లకు 13,000 చొప్పున 39,000. కరెంటు, గ్యాస్, చిల్లర ఖర్చులు 20,000. రాయల్టీ 6 శాతం, ప్రచారం ఫీజు 2 శాతం కలిపి 24,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 4,320.

ఈ 4,320 దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మిగతా వ్యాపారాల్లో ఇలా కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవచ్చు. మామూలు హోటళ్లు, టీ షాపులకు అది కుదరదు. మనం కస్టమర్ దగ్గర తీసుకునేది 5 శాతమే, అందుకు బదులుగా ఆ తగ్గింపు, అంటే ఇన్‌పుట్ క్రెడిట్, లేదు. కాబట్టి రాయల్టీ మీదా, మొదట్లో కట్టే ఫ్రాంచైజీ ఫీజు మీదా పడే 18 శాతం తిరిగి రాదు. బ్రోచర్‌లో "పన్నులు అదనం" అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉండేది ఇదే.

అన్నీ తీసేస్తే నెలకు 44,680 మిగిలింది. తమ్ముడి మొహం వెలిగింది. అప్పుడు అడిగాను: పెట్టిన 15 లక్షల సంగతేంటి? అగ్రిమెంటు ఐదేళ్లు. 60 నెలలకు పంచితే నెలకు 25,000 ఆ కౌంటర్‌కూ ఫాల్స్ సీలింగ్‌కూ పోతుంది. తర్వాత సామాను అమ్ముకోవచ్చు కదా అంటారు. కంపెనీ రంగు వేసిన కౌంటర్‌ను పాత ఇనుము ధరకే అడుగుతారు, నేను అమ్మి చూశాను. ఇక 19,680. అదే 15 లక్షలు 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే నెలకు 8,750 ఊరికే వచ్చేది. అదీ తీస్తే పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా నిలబడ్డందుకు తమ్ముడికి దక్కేది 10,930. వాడి దగ్గర పనిచేసే మాస్టర్ జీతం 18,000.

అమ్మకం 4 లక్షలైతే కథ మారుతుంది, ఇంకో 50 వేలు చేతికొస్తాయి. కాదనను. కానీ హనుమకొండలో అమ్మకం ఏడాదంతా ఒక్కలా ఉండదు. ఇది కాలేజీల ఊరు, కోచింగ్‌ల ఊరు. ఏప్రిల్ వచ్చిందంటే హాస్టళ్లు ఖాళీ, నయీంనగర్ రోడ్డు మీద మధ్యాహ్నం పిట్ట కనబడదు. ఆ రెండు నెలలు అమ్మకం 2 లక్షలకు పడితే, పెట్టుబడి సంగతి పక్కన పెట్టినా, జేబులోంచి నెలకు దాదాపు 6 వేలు ఎదురు వేసుకోవాలి. కొన్ని అగ్రిమెంట్లలో "మినిమం రాయల్టీ" అని ఒకటి ఉంటుంది, అమ్మకం ఎంత పడిపోయినా కట్టి తీరాల్సిన కనీస మొత్తం. నేను చదవకుండా సంతకం పెట్టాను. 2023 జూలైలో నాలా పొంగి షాపులో మోకాలి లోతు నీళ్లు వచ్చాయి. ఫ్రిజ్ పోయింది, పొడి ప్యాకెట్లు తడిసి ముద్దయ్యాయి, పన్నెండు రోజులు షట్టర్ తియ్యలేదు. నెలాఖరున మెయిల్ వచ్చింది, మినిమం రాయల్టీ బిల్లు. ఫోన్ చేస్తే అవతల అమ్మాయి చాలా మర్యాదగా, "సిస్టమ్ జనరేటెడ్ సార్" అంది.

ఫ్రాంచైజీలో మంచే లేదా? ఉంది, ఒకటి మాత్రం బలంగా ఉంది. రుచి ప్యాకెట్‌లో ఉంటుంది. సొంత హోటల్లో రుచి మాస్టర్ చేతిలో ఉంటుంది. బతుకమ్మకు ఊరికి పోయిన మాస్టర్ దసరా దాటినా రాకపోతే ఏమవుతుందో హోటల్ పెట్టినవాళ్లను అడగండి. టిఫిన్ సెంటర్ పెట్టిన మొదటి ఏడు నాకు అదే జరిగింది. పదిహేను రోజులు నేనే పల్లీ చట్నీ రుబ్బాను. రోజూ వచ్చే ఆటో అన్న రెండో రోజే, "ఏంది, మాస్టర్ పోయిండా?" అన్నాడు. అడగలేదు, చెప్పాడు. ఫ్రాంచైజీలో ఈ టెన్షన్ లేదు. కుర్రాడు మారినా తక్కెడలో పొడి తూచి వేస్తే నిన్నటి టీయే ఇవాళా.

లెక్క రాయడం కూడా వాళ్లే నేర్పారు. రాత్రి షట్టర్ దించే ముందు పారబోసిన పాలు కొలిచి పుస్తకంలో రాయాలి. మొదట్లో విసుక్కున్నాను. ఇప్పుడు సొంత షాపులో మిగిలిన ఇడ్లీ పిండిని కూడా కొలిచి రాస్తున్నాను. ఆ పుస్తకం చూసే మంగళవారం పిండి రెండు కిలోలు తగ్గించాను.

సొంత బోర్డు లెక్క ఇలా ఉంటుంది. 6 లక్షల పెట్టుబడి, సందులో షట్టర్, కిరాయి 20,000. నెలకు 1,60,000 అమ్మకం. సరుకు మనమే కొనుక్కుంటాం కాబట్టి 34 శాతానికి వస్తుంది, 54,400. ఒక మాస్టర్, ఇద్దరు పని కుర్రాళ్లు కలిపి 44,000. గ్యాస్, కరెంటు 16,000. మిగిలేది 25,600. పెట్టుబడి వంతు 10,000, బ్యాంకు వడ్డీ వంతు 3,500 తీస్తే 12,100. అమ్మకం సగమే అయినా చేతికి వచ్చింది ఫ్రాంచైజీ కన్నా వెయ్యి రూపాయలు ఎక్కువ. ఏడాది అమ్మకం 20 లక్షల లోపే కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. పైగా మిగతా 9 లక్షలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

కానీ ఆ 1,60,000 అమ్మకం మొదటి నెల నుంచే రాదు. నాకు ఎనిమిది నెలలు పట్టింది. మొదటి నాలుగు నెలలు రోజుకు రెండు వేలు దాటితే ఆ రోజు పండగ. ఇంటి ఖర్చులతో కలిపి లక్షన్నర కరిగింది. ఫ్రాంచైజీ బోర్డు పెడితే మొదటి రోజే జనం గుర్తుపట్టి లోపలికి వస్తారు. ఆ ఎనిమిది నెలలు కొనుక్కోవడానికే ఫీజు కడుతున్నామని అనుకోవచ్చు. అలా చూస్తే అది మరీ అన్యాయం కాదు. అయితే మొదటి వారం గుర్తింపుకు ఐదేళ్ల దాకా వాటా కడుతూనే ఉంటాం.

మూడో దారి, నడుస్తున్న ఫ్రాంచైజీ షాపును కొనుక్కోవడం. "ఆరోగ్య కారణాల వల్ల అమ్మబడును" అనే ప్రకటనలు చూస్తుంటాం కదా, అవి. చాలామందికి ఇది సెకండ్ హ్యాండ్ అనే చిన్నచూపు. నా మటుకు నాకు, ధర సరిగ్గా కుదిరితే మూడింట్లో ఇదే మేలు. కొత్త షాపులో 15 లక్షలు అయ్యే సెటప్ 6, 7 లక్షలకు వస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, అమ్మకం ఎంతో ఊహించుకోనక్కర్లేదు, కళ్లారా చూడొచ్చు.

చూడటానికి ఒక ఉపాయం ఉంది. షాపు తెరవగానే పోయి ఒక టీ తాగి బిల్లు తీసుకోండి, దాని మీద నంబరు ఉంటుంది. రాత్రి మూసే ముందు ఇంకో టీ తాగి ఇంకో బిల్లు తీసుకోండి. రెండు నంబర్ల తేడాయే ఆ రోజు బిల్లులు. కాసేపు పక్కన నిలబడితే ఒక్కో బిల్లు సగటున ఎంత ఉందో కూడా తెలిసిపోతుంది. ఒక ఆదివారం, రెండు మామూలు రోజులు ఇలా చేస్తే చాలు. అమ్మేవాడు చూపించే సేల్స్ షీట్‌లో నెల ఏదో గమనించాలి. ఒకాయన నాకు 2024 ఫిబ్రవరి షీట్ చూపించాడు. అది మేడారం జాతర నెల. ఆ నెల హనుమకొండ మీదుగా పోయిన జనానికి ఏ షాపులో అయినా టీ అయిపోతుంది.

కొనేముందు కాగితాలు మూడు చూడాలి. కంపెనీ అగ్రిమెంటులో ఇంకా ఎన్నాళ్లు మిగిలింది, పేరు మార్పుకు ఎంత ఫీజు, ఓనరు కిరాయి కాగితం. మూడోదాన్నే ఎవరూ చూడరు. మన దగ్గర 11 నెలల కాగితాలే ఎక్కువ, ఏడాది దాటిన లీజు అయితే రిజిస్ట్రేషన్ చెయ్యాలి కాబట్టి. కంపెనీతో ఐదేళ్లు, షట్టర్ ఓనరుతో 11 నెలలు! షాపు బాగా నడుస్తోందని తెలిసిన రోజే ఓనరు కిరాయి పెంచుతాడు. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించి అయినా ఐదేళ్ల లీజు రాయించుకోవాలి. సొంత షట్టర్ ఉన్నవాళ్లకు ఈ బాధ లేదు. కాకపోతే ఆ షట్టర్‌ను ఇంకొకరికి ఇస్తే ఏ చాకిరీ లేకుండా 30,000 వస్తుందన్న సంగతి వాళ్లూ లెక్కలో వేసుకోవాలి.

మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేకంగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 ట్రేడ్‌మార్క్ చట్టం, ఇలాంటి మామూలు చట్టాలతోనే నడుస్తోంది. అమెరికాలో అయితే సంతకానికి 14 రోజుల ముందే కంపెనీ ఒక పెద్ద దస్త్రం చేతికివ్వాలి, అందులో మూతపడ్డ షాపుల లెక్క, వదిలేసి పోయినవాళ్ల ఫోన్ నంబర్లు కూడా ఉంటాయి. ఇక్కడ ఎవరూ ఇవ్వరు, మనమే అడగాలి. కంపెనీవాళ్లు బాగా నడిచే షాపుల నంబర్లు సంతోషంగా ఇస్తారు. మూసేసినవాళ్ల నంబర్లు అడిగి చూడండి, మాట ఎలా మారుతుందో తెలుస్తుంది. గొడవ వస్తే ఏ ఊళ్లో తేల్చుకోవాలో కూడా అగ్రిమెంటులోనే రాసి ఉంటుంది. నాదాంట్లో బెంగళూరు అని ఉంది. నలభై వేల బాకీ కోసం బెంగళూరు ఎవరు పోతారు?

ఇక పెరగడం సంగతి. ఫ్రాంచైజీలో ఒక షాపు ఓ మోస్తరుగా నడిస్తే చాలు, "కాజీపేటలో ఇంకోటి తీసుకోండి, కరీంనగర్ జిల్లా మొత్తం మీకే ఇస్తాం" అంటారు. రెండో షాపులో మనం నిలబడలేం, ఇంకొకరికి జీతమిచ్చి నిలబెట్టాలి. పైన లెక్కలో చివరికి మిగిలిన 10,930లోంచి మేనేజర్ జీతం ఇవ్వండి చూద్దాం. సొంత బోర్డు అయితే కొన్నేళ్లకు మనమే ఇంకొకరికి ఫ్రాంచైజీ ఇవ్వొచ్చు. నిజానికి డబ్బంతా ఆ గట్టునే ఉంది. దానికి ముందు పేరు ట్రేడ్‌మార్క్ చేయించుకోవాలి. ఒంటరి వ్యాపారికి ఒక్కో క్లాసుకు, అంటే ఒక్కో రకం సరుకు లేదా సేవకు, ఆన్‌లైన్‌లో ఫీజు 4,500, వస్తే పదేళ్లు చెల్లుతుంది. మనవాళ్లతో చిక్కేమిటంటే ప్రతి బోర్డూ కాకతీయ, భద్రకాళి, రుద్రమ, ఓరుగల్లు. అందరూ వాడే పేరును నాదే అని కాపాడుకోవడం కష్టం. నేనూ మొదట అలాంటి పేరే పెట్టి తర్వాత మార్చుకున్నాను. బోర్డు ఖర్చు రెండుసార్లు.

ఇవి విన్నాక తమ్ముడు కొత్త ఫ్రాంచైజీ మాట ఎత్తలేదు. సొంత బోర్డుకు వాళ్ల నాన్న ఒప్పుకోలేదు, ఎనిమిది నెలలు ఎదురుచూసే ఓపిక ఆయనకు లేదట. సుబేదారిలో ఒక రన్నింగ్ షాపు అమ్మకానికి ఉందని తెలిసి దాని చుట్టూ తిరుగుతున్నాడు. రోజుకు పదకొండు వేలు పక్కా అన్నాడట ఓనరు. అడిగేది 9 లక్షలు.

మొన్న మంగళవారం రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, పొద్దున బిల్లు 212. ఇప్పుడు తీసుకున్నది 371."

"సగటు బిల్లు ఎంతుంది?"

"నలభై. గంటసేపు నిలబడి చూసిన."

ఇద్దరం లెక్క వేసుకున్నాం, ఆరు వేల మూడు వందల అరవై. ఆదివారం మళ్లీ పోతానన్నాడు, ఈసారి వాళ్ల నాన్నను కూడా తీసుకుని.