స్వీట్ హోమ్ త్రీడీ: గోడలు కుదిరితే సగం పని అయినట్టే

గది డిజైన్ సాఫ్ట్‌వేర్లలో డబ్బు అడగకుండా, నెట్ లేకుండా, పాత ల్యాప్‌టాప్‌లో కూడా నడిచేది కావాలంటే చాలామంది చివరికి స్వీట్ హోమ్ త్రీడీ దగ్గరికే వస్తారు. ఫ్రాన్స్‌కు చెందిన ఎమ్మాన్యుయెల్ ప్యూబారే జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచిన) ప్రోగ్రామ్ ఇది. రూపం పాతకాలపుదే, బటన్లు చూస్తే పదిహేనేళ్ల వెనక్కి వెళ్లినట్టుంటుంది. ఆ సంగతి పక్కనపెడితే, ఇంటి యజమాని తన గదిలో మంచం పడుతుందా, బీరువా తలుపు తెరుచుకుంటుందా అని చూసుకోవడానికి ఇంతకంటే ఎక్కువ అక్కర్లేదు.

తెరవగానే నాలుగు భాగాలు కనిపిస్తాయి. ఎడమవైపు పైన సామాన్ల కేటలాగ్, దాని కింద మీరు ఇంట్లో పెట్టిన సామాన్ల జాబితా, కుడివైపు పైన ప్లాన్, దాని కింద త్రీడీ బొమ్మ. పని ఎక్కువగా ప్లాన్‌లోనే జరుగుతుంది. త్రీడీలో తిప్పి చూడొచ్చు తప్ప అక్కడ గోడలు గీయలేరు. ప్లాన్‌లో కంట్రోల్ నొక్కి మౌస్ చక్రం తిప్పితే జూమ్ అవుతుంది, ఉత్త చక్రం తిప్పితే ప్లాన్ జరుగుతుంది. త్రీడీలోనేమో ఉత్త చక్రమే జూమ్. మొదటి గంటలో చిరాకు తెప్పించేది ఈ తేడానే.

గీత గీయకముందే ప్రిఫరెన్సెస్ (సెట్టింగ్స్)లోకి వెళ్లి మూడు మార్చాలి. యూనిట్లు అడుగులు, అంగుళాల్లోకి. కొత్త గోడ మందం డిఫాల్ట్‌గా 7.5 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే మూడంగుళాలు. మన ఇటుక గోడ తొమ్మిదంగుళాలు, లోపలి సన్నగోడ నాలుగున్నర. గోడ ఎత్తు డిఫాల్ట్ 250 సెంటీమీటర్లు. పదడుగుల స్లాబు ఇంటికి ఇది దాదాపు రెండడుగులు తక్కువ. ఇది మార్చకుండా గీసేసి, చివర్లో అటక పెట్టబోతే పైకప్పు తగులుతుంది. అప్పుడు ప్రిఫరెన్సెస్‌లో మార్చినా లాభం లేదు, ఆ విలువలు కొత్తగా గీసే గోడలకే వర్తిస్తాయి. గీసేసిన గోడలన్నీ షిఫ్ట్ పట్టుకుని ఎంచి, మాడిఫై వాల్స్‌లో ఎత్తు ఒక్కసారే మార్చుకోవాలి.

ఇక అసలు చిక్కు. ఈ ప్రోగ్రామ్ గోడ పొడవును గోడ మధ్యగీత మీద కొలుస్తుంది. మనం టేపు పెట్టేది లోపలి ముఖం నుంచి లోపలి ముఖానికి. 10 అడుగుల × 12 అడుగుల గదికి తొమ్మిదంగుళాల గోడలు 10, 12 అనే పొడవుతోనే గీస్తే లోపల మిగిలేది 9 అడుగుల 3 అంగుళాలు × 11 అడుగుల 3 అంగుళాలు. 120 చదరపు అడుగుల గది 104కు పడిపోతుంది. గీయాల్సింది 10 అడుగుల 9 అంగుళాలు, 12 అడుగుల 9 అంగుళాలు. ఒకవైపు తొమ్మిదంగుళాల గోడ, ఎదురువైపు సన్నగోడ ఉంటే రెంటి మందంలో సగం సగం కలపాలి: నాలుగున్నర, రెండుంపావు, మొత్తం ఆరుంముప్పావు అంగుళాలు. "మంచం పట్టడం లేదు, సాఫ్ట్‌వేర్ తప్పు చూపిస్తోంది" అనే ఫిర్యాదుల వెనక చాలాసార్లు ఉండేది ఈ లెక్కే. ప్రోగ్రామ్‌లో లోపలి కొలతతో గీసే వీలుంటే ఎంత బాగుండేదో. నా దృష్టిలో దీని అతిపెద్ద లోటు ఇదే.

గోడ గీసేటప్పుడు మౌస్‌తో కొలత కుదర్చడానికి తంటాలు పడొద్దు. క్రియేట్ వాల్స్ నొక్కి, మొదటి మూల దగ్గర క్లిక్ చేసి, గోడ వెళ్లాల్సిన దిక్కుకు మౌస్ జరిపి ఎంటర్ నొక్కితే పొడవు, కోణం, మందం రాసుకునే గడులు వస్తాయి. పొడవు టైప్ చేసి, కోణం ఒకసారి చూసుకుని మళ్లీ ఎంటర్ నొక్కితే తర్వాతి గోడ మొదలవుతుంది. ఆపాలంటే ఎస్కేప్. మామూలుగా గీత 15 డిగ్రీల మెట్లలోనే తిరుగుతుంది కాబట్టి మూలలు వాటంతటవే చతురస్రంగా వస్తాయి. ఏటవాలు స్థలానికి ఆ పట్టు వద్దనుకుంటే మేగ్నెటిజం తీసేయాలి.

నాలుగు గోడలూ కలిశాక ఒకదాని పొడవు తప్పని తెలిసిందనుకోండి. ఆ గోడ మీద డబుల్ క్లిక్ చేసి పొడవు మారిస్తే, దాని చివర అంటుకున్న పక్కగోడ మొదలు కూడా జరిగి, అది వంకర అవుతుంది. అలా కాకుండా, జరగాల్సిన గోడను మొత్తంగా ఎంచి బాణం కీలతో సమాంతరంగా జరపండి. అటూ ఇటూ ఉన్న గోడలు నిటారుగానే సాగుతాయి.

మూలలు కలిశాయో లేదో తేల్చేది క్రియేట్ రూమ్స్. గది మధ్యలో డబుల్ క్లిక్ చేస్తే నేల దానంతటదే నిండాలి. నిండకపోయినా, పక్కగదిని కూడా కలుపుకుని నిండినా, ఎక్కడో సందు ఉన్నట్టు. మూల దగ్గర బాగా జూమ్ చేస్తే కలిసిన గోడల మధ్య గీత ఉండదు, కలవని చోట అడ్డగీత కనిపిస్తుంది. గోడ చివర పట్టుకుని రెండోదాని మీదికి లాగితే అతుక్కుంటుంది. గది వివరాల్లో విస్తీర్ణం చూపించమని టిక్ పెట్టుకోండి. బ్రోచర్‌లో ఇచ్చిన కార్పెట్ ఏరియాతో పోల్చి చూడటానికి ఆ ఒక్క అంకె చాలు.

బ్రోచర్ అంటే గుర్తొచ్చింది. బిల్డర్ ఇచ్చిన ప్లాన్ బొమ్మను వెనక పరుచుకుని దాని మీద గీసే సౌకర్యం ఉంది: ప్లాన్ మెనూలో ఇంపోర్ట్ బ్యాక్‌గ్రౌండ్ ఇమేజ్. బొమ్మ మీద ఒక గీత లాగి దాని అసలు పొడవు చెబితే స్కేలు కుదురుతుంది. మూడడుగుల బాత్‌రూమ్ తలుపును ఆధారంగా తీసుకుంటే చిన్న పొరపాటు ఇల్లంతా పెద్దదవుతుంది. ఫ్లాట్ మొత్తం పొడవులాంటి పెద్ద కొలతే తీసుకోవాలి. కాగితాన్ని ఫోన్‌తో ఏటవాలుగా తీసిన ఫొటో వద్దు. ఒకవైపు స్కేలు సరిపోయి, మరోవైపు తప్పుతుంది. పీడీఎఫ్ దొరికితే దాని స్క్రీన్‌షాట్ మేలు.

తలుపులు, కిటికీలు కేటలాగ్ నుంచి గోడ మీదికి లాగితే గోడకు తగ్గట్టు తిరిగి మందానికి సర్దుకుంటాయి. ఏ వైపు తెరుచుకోవాలో వివరాల్లో మిర్రర్డ్ షేప్ అనే టిక్‌తో మార్చుకోవచ్చు. ప్లాన్‌లో కనిపించే పావుచుట్టు గీత తలుపు ఊగే మేర. బాత్‌రూమ్‌లో ఆ చుట్టులోకి కమోడ్ వస్తే ఇప్పుడే తెలిసిపోతుంది. కిటికీకి ఎలివేషన్ అంటే నేల నుంచి దాని అడుగు అంచు దాకా ఎత్తు. నాలుగడుగుల కిటికీకి మూడడుగులు ఇస్తే పై అంచు తలుపుతో సమంగా ఏడడుగుల దగ్గర నిలుస్తుంది.

సామాను ఎంచగానే నాలుగు మూలల్లో నాలుగు గుర్తులు వస్తాయి. పైన ఎడమది తిప్పడానికి, పైన కుడిది నేల నుంచి లేపడానికి, కింద ఎడమది ఎత్తుకు, కింద కుడిది వెడల్పు, లోతులకు. అంకెలతో చేయాలంటే డబుల్ క్లిక్. కేటలాగ్ కొలతలు మన ఇళ్లవి కావు. 72 × 78 అంగుళాల కింగ్ సైజు మంచం కావాలంటే కీప్ ప్రపోర్షన్స్ టిక్ తీసి, ఆ రెండు అంకెలూ విడిగా రాయాలి. టిక్ ఉంచి వెడల్పు పెంచితే మంచం ఎత్తు కూడా పెరిగి త్రీడీలో బల్లలా కనిపిస్తుంది. వంటింటి గట్టు, అటక, పూజగది మెట్టు లాంటివి కేటలాగ్‌లో వెతకొద్దు. బాక్స్ అనే సాదా పెట్టెను తీసుకుని కొలతలు ఇస్తే సరి. గట్టుకు లోతు 24, ఎత్తు 33 అంగుళాలు. అటకకు ఎలివేషన్ 7 అడుగులు.

సామాను సర్దేముందు ప్లాన్ పైన ఎడమమూలలో ఉన్న తాళం గుర్తు నొక్కండి. గోడలు, గదులు, తలుపులు కదలకుండా ఉంటాయి. లేకపోతే సోఫా పట్టుకోబోయి గోడను రెండంగుళాలు జరిపి, ఎప్పుడు జరిగిందో కూడా తెలియక తల పట్టుకుంటారు.

వాస్తు చూసేవారికి ప్లాన్‌లో ఒక మూల దిక్సూచి ఉంటుంది. ఉత్తరం వంకరగా ఉన్న స్థలమైతే గోడలన్నీ తిప్పొద్దు. గోడలు నిటారుగానే గీసి దిక్సూచిని తిప్పండి. దాని మీద డబుల్ క్లిక్ చేసి అక్షాంశ రేఖాంశాలు ఇస్తే (హైదరాబాద్‌కు దాదాపు 17.4, 78.5), టైమ్ జోన్ భారత్‌ది పెడితే, క్రియేట్ ఫొటోలో (త్రీడీ బొమ్మను నిజమైన ఫొటోలా తీసే ఆదేశం) తేదీ, వేళ బట్టి ఎండ పడుతుంది. మే నెల సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీ ఎండ మంచం మీదికి ఎంత దూరం వస్తుందో చూసుకుని కర్టెన్ల సంగతి తేల్చుకోవచ్చు.

ఫొటో నాణ్యత నాలుగు మెట్లు. దీపాల వెలుగు, నీడలు నిజంగా లెక్కకొచ్చేది పై రెండింటిలోనే. వాటికి సమయం చాలా పడుతుంది, కాబట్టి ముందు చిన్న సైజులో తీసి చూడాలి. రాత్రి వేళ పెట్టి, గదిలో లైట్లు పెట్టకపోతే నల్లటి బొమ్మ వస్తుంది. యాడ్ సీలింగ్ లైట్స్ టిక్ పెడితే గండం గడుస్తుంది. టైల్స్ ఫొటోను టెక్స్‌చర్‌గా (నేల మీద పరిచే బొమ్మగా) దిగుమతి చేసుకునేటప్పుడు వెడల్పు అడుగుతుంది. రెండడుగుల టైల్‌కు 24 అంగుళాలు రాయకుండా దాటేస్తే నేల మీద టైల్స్ అడ్డదిడ్డమైన సైజుల్లో వస్తాయి.

త్రీడీ భాగం ఖాళీగా ఉంటే మొదట అనుమానించాల్సింది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను. వైరింగ్, ప్లంబింగ్ గీతలకు, ఏటవాలు పైకప్పులకు, ఖర్చు అంచనాకు ఇది పనికిరాదు. ఉచిత ప్యాకేజీలో సామాను కూడా తక్కువే. అదనపు సామాన్ల లైబ్రరీలు వాళ్ల వెబ్‌సైట్ నుంచి దించుకుని కలుపుకోవచ్చు.

వడ్రంగికి ఇవ్వడానికైతే త్రీడీ ఫొటో కాదు, కొలతలున్న ప్లాన్ ప్రింట్ ఇవ్వండి. పేజ్ సెటప్‌లో స్కేలు 1/50 ఎంచుకుని, క్రియేట్ డైమెన్షన్స్‌తో గోడల లోపలి ముఖాల మధ్య కొలతలు గీసి, పీడీఎఫ్ చేయించండి. ప్రింట్ తీసేచోట "ఫిట్ టు పేజ్" తీసేయమని చెప్పాలి, లేదంటే స్కేలు పోతుంది.